డూప్లికేట్ తాళం

మా మావయ్య ముప్పై ఏళ్లకు పైగా బ్యాంకులో పనిచేశారు. లెడ్జర్లు చేత్తో రాసే రోజుల్లో చేరి, కోర్ బ్యాంకింగ్ వచ్చాక రిటైరయ్యారు. ఇప్పుడు తెనాలిలో ఒక డయాగ్నస్టిక్ ల్యాబ్‌లో లెక్కలు, కంప్యూటర్లు రెండూ ఆయనే చూసుకుంటున్నారు. నేను హైదరాబాదులో డేటాబేసుల పని చేస్తాను. ఈ సంక్రాంతికి తెనాలి వెళితే, కనుమనాడు కాకి కూడా కదలదంటూ అత్తయ్య నన్ను బస్సెక్కనివ్వలేదు. ల్యాబ్‌కి ఎలాగూ సెలవు. గారెలు తిని కూర్చున్నాక మావయ్య తన నోటుపుస్తకం తెచ్చి చూపించారు. పొడుగాటి రూళ్ల పుస్తకం. తేదీ, టైము, బ్యాకప్ ఫైలు సైజు, చివర ఎర్ర సిరాతో టిక్కు. నాలుగున్నరేళ్లలో దాదాపు ఏ రాత్రీ ఖాళీ లేదు. అంత శ్రద్ధగా రాసిన పుస్తకాన్ని మా కంపెనీలో కూడా చూడలేదు నేను. దాన్ని చూసి నేనడిగిన ఒక్క ప్రశ్నతో వాదన మొదలైంది. పొద్దుగూకేదాకా సాగింది. ఇద్దరి మాటల్లోనూ పట్టించుకోవాల్సినవి ఉన్నాయి కాబట్టి జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

నేను: మావయ్యా, వీటిలో ఒక్కటైనా ఎప్పుడైనా రీస్టోర్ చేసి చూశారా?

మావయ్య: అవసరం రాలేదమ్మా. దేవుడి దయవల్ల సర్వరు ఎప్పుడూ పోలేదు.

నేను: పోయాక సంగతి కాదు నేనడిగేది. ఏమీ కాకుండానే, వస్తుందో రాదో చూడటానికి.

మావయ్య: రాకపోవడమేమిటి? రాత్రి పదకొండుకి దానంతటదే బ్యాకప్ తీసుకుంటుంది. తీశాక వెరిఫై చేస్తుంది. పొద్దున్నే వెళ్లి లాగ్ చూస్తాను, బ్యాకప్ వ్యాలిడ్ అని ఉంటుంది. ఎక్స్‌టర్నల్ డిస్కులో ఒక కాపీ, గూగుల్ డ్రైవ్‌లో ఒకటి, పెన్‌డ్రైవ్‌లో మా బీరువాలో ఒకటి. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరవతల అని మీ వాళ్లు చెప్పే 3-2-1 పద్ధతి ఇదేగా?

నేను: ఆ వెరిఫై ఏం చూస్తుందో తెలుసా? ఫైలు మొత్తం ఉందా, చదవడానికి వస్తోందా, అంతవరకే. లోపలి డేటా ఒక పద్ధతిలో అమరి ఉందో లేదో అది చూడదు. మీ ల్యాబ్ డేటాబేసు ఎస్‌క్యూఎల్ సర్వర్. దాన్ని చేసిన మైక్రోసాఫ్టే తన డాక్యుమెంట్లలో ఈ మాట రాసింది. రిజిస్టర్డ్ పోస్టు కవరు చిరగకుండా వచ్చిందని సంతకం పెట్టి తీసుకోవడం లాంటిదది. లోపలి కాగితం విప్పలేదు ఇంకా.

మావయ్య: లోపల చెడితే అసలు సర్వర్లోనే చెడి ఉంటుందిగా. పొద్దున్నే కౌంటర్లో అమ్మాయిలు గోల పెట్టేవాళ్లు.

నేను: మూడేళ్ల కిందటి రిపోర్టు జోలికి రోజూ ఎవరెళ్తారు? అది చెడిపోతే ఆ పేషెంటు మళ్లీ వచ్చేదాకా ఎవరికీ తెలీదు. బ్యాకప్ తీసేటప్పుడు చెక్‌సమ్, అంటే డేటా చెడిందో లేదో పట్టించే లెక్క, చూడమని చెప్పకపోతే, చెడిపోయింది చెడిపోయినట్టే మూడు చోట్లకీ కాపీ అవుతుంది.

మావయ్య: అందుకే తాత-తండ్రి-కొడుకు పద్ధతి పాటిస్తాను. రోజువి ఏడు, వారానివి అయిదు, నెలవి పన్నెండు. కొడుకు చెడితే తండ్రి, తండ్రి చెడితే తాత. ఫ్లాపీల కాలం నుంచీ చేస్తున్నదే ఇది.

ఇక్కడ ఆయన గొంతు కాస్త గట్టిపడింది. నాకు అర్థమైంది. నేను అడుగుతున్నది ఒక ఫైలు గురించే అయినా, ఆయనకు తన నాలుగున్నరేళ్ల టిక్కుల మీద చేయి వేసినట్టుంది. అందుకే ఇంకొకరి కథ ఎత్తుకున్నాను.

నేను: గిట్‌ల్యాబ్ అని, ప్రోగ్రామర్లు తమ కోడ్ దాచుకునే చోటు. 2017 జనవరి 31 రాత్రి అక్కడి ఇంజినీరు ఒకాయన రెండో డేటాబేసు సర్వర్లో ఫోల్డరు ఖాళీ చేయబోయి, పొరపాటున అసలు సర్వర్లో చేశాడు. ఒకటి రెండు సెకన్లలోనే గుర్తించి ఆపాడు. అప్పటికే 300 జీబీ దాకా ఉన్నది కాస్తా నాలుగున్నర జీబీకి వచ్చింది. బ్యాకప్‌కి ఒకటి కాదు, అయిదు రకాల ఏర్పాట్లున్నాయి వాళ్లకి. క్లౌడ్‌లో బ్యాకప్‌లు పడాల్సిన చోటు తెరిస్తే ఖాళీగా ఉంది. వాళ్లు వాడే డేటాబేసు పేరు పోస్ట్‌గ్రెస్. బ్యాకప్ తీసే ప్రోగ్రామేమో దాని 9.2 వెర్షన్‌ది, డేటాబేసేమో 9.6. రెండూ పొసగక ప్రతిసారీ ఎర్రర్‌తో ఆగిపోతోంది. ఆగినప్పుడల్లా మెయిల్ కూడా పంపుతోంది. ఆ మెయిలు పంపింది వాళ్లేనని రుజువు లేక, అందుకోవాల్సిన సర్వరు దాన్ని వెనక్కి కొట్టేస్తోంది.

మావయ్య: మరి ఎలా బయటపడ్డారు?

నేను: అదే ఇంజినీరు ఆరు గంటల ముందు వేరే పని కోసం చేత్తో తీసిపెట్టుకున్న స్నాప్‌షాట్ ఒకటి ఉంది. దాన్ని కాపీ చేసుకుని మళ్లీ నిలబడేసరికి మర్నాడు సాయంత్రమైంది. మధ్యలో చేరిన పని పోయింది. సుమారు 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త ఖాతాలు దెబ్బతిన్నాయి.

మావయ్య: నీ కథలోనే జవాబుందమ్మా. వాళ్లు మెయిలు వస్తుందిలే అని కూర్చున్నారు. నేను మెయిల్‌ని నమ్మను, రోజూ వెళ్లి కళ్లతో చూస్తాను. ఫోల్డరు ఖాళీగా ఉంటే మొదటి రోజే పట్టుకునేవాణ్ని.

నేను: నిజమే, పట్టుకునేవాళ్లు. మీ పుస్తకం వాళ్ల దగ్గర ఉండుంటే ఆ రాత్రి వేరేలా గడిచేది. కానీ వాళ్లు తర్వాత విచారణ చేసి, అంతా బయటపెట్టి రాసుకున్నారు. బ్యాకప్‌లని ఎప్పటికప్పుడు పరీక్షించి ఎందుకు చూడలేదని తమని తామే ప్రశ్నించుకుని, ఆ పని ఫలానా వాళ్లదని ఎవరికీ అప్పగించలేదు కాబట్టి అని తేల్చారు. బ్యాకప్ తీయడం అందరూ ఒప్పుకునే పని. వెనక్కి తెచ్చి చూడటం ఎవరి ఖాతాలోనూ పడదు. మీ ల్యాబ్‌లో ఎవరి ఖాతాలో ఉంది?

మావయ్య దానికి జవాబివ్వలేదు. కాఫీ గ్లాసు పక్కన పెట్టి ఇంకో వైపు నుంచి వచ్చారు.

మావయ్య: నాకూ ఒక కథ తెలుసు. టాయ్ స్టోరీ 2 తీస్తున్నప్పుడు, 1998లో, పిక్సార్‌లో ఎవరో ఒక కమాండు కొడితే సినిమా చాలావరకు తుడిచిపెట్టుకుపోయింది. బ్యాకప్ చూస్తే సరిగ్గా పడటం లేదు. గాలిన్ సస్మన్ అని అక్కడ పెద్ద ఉద్యోగంలో ఉన్నావిడ, పసిబిడ్డ తల్లి కావడంతో ఇంటి నుంచి పనిచేస్తూ ఇంట్లో ఒక కాపీ ఉంచుకుంది. ఆ కంప్యూటర్ని దుప్పట్లలో చుట్టి, కార్లో తీసుకొచ్చి సినిమాని నిలబెట్టారు. ఏం కాపాడింది వాళ్లని? నువ్వు చెప్పే పరీక్షలా? ఇంకో చోట ఉన్న ఇంకో కాపీ. నా వాదన అంతే. ఖర్చు, ఓపిక ఉంటే నాలుగో కాపీ పెడతాను.

నేను: ఆ కాపీ ఎలాంటిదో చూడండి మావయ్యా. అది బీరువాలో దాచింది కాదు. ఆవిడ తెరిచి, దాని మీద పనిచేస్తున్న కాపీ. తెరిస్తే తెరుచుకుంటుందని అప్పటికే తెలుసు. ఎవరూ తెరవని కాపీలే పాడయ్యాయి.

మావయ్య కాసేపు ఆలోచించారు. ఈ మాట ఆయనకి నచ్చిందని తెలుస్తూనే ఉంది. అయినా వదల్లేదు.

మావయ్య: సరే, పరీక్ష వల్ల వచ్చే ముప్పు సంగతేమిటి? నాకు తెలిసిన ఒక ఎరువుల వ్యాపారి దగ్గర కుర్రాడు, బ్యాకప్ పనిచేస్తుందో లేదో చూద్దామని ట్యాలీలో రీస్టోర్ కొట్టాడు. వేరే ఫోల్డరు ఇవ్వాలని తెలీదు. పాత డేటా వచ్చి కొత్తదాని మీద కూర్చుంది. సీజన్లో మూడు వారాల బిల్లులు పోయాయి. కార్బన్ కాపీలు ముందేసుకుని మళ్లీ ఎక్కించారు. ఆ కుర్రాడు ఊరుకుని ఉంటే ఏమీ అయ్యేది కాదు.

నేను: దీనికి ఎదురు చెప్పను. నడుస్తున్న మిషన్ మీద రీస్టోర్ ప్రయత్నించడం నేరం కిందే లెక్క. చేస్తే వేరే మిషన్ మీద, అసలు సర్వరుతో సంబంధం లేకుండా చేయాలి. వేరే మిషన్ అనడానికి ఇంకో కారణం కూడా ఉంది. నిజంగా అవసరం పడ్డ రోజున ఈ సర్వరు ఉండదు. కాలిపోయి ఉంటుంది, దొంగలెత్తుకెళ్లి ఉంటారు, వైరస్ తాళం వేసేసి ఉంటుంది. అప్పుడు మీకు మిగిలేది పెన్‌డ్రైవ్, ఒక కొత్త మిషన్. ఆ రెంటితో ల్యాబ్ నడుస్తుందా అన్నదే అసలు పరీక్ష.

మావయ్య: ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగిందిగా వైరస్. 2022 నవంబరు 23న. బ్యాకప్ సర్వరుకి దెబ్బ తగల్లేదు, అందులోంచే ఈ-హాస్పిటల్ డేటా అంతా కొత్త సర్వర్లలోకి తెచ్చామని పార్లమెంటులో చెప్పారు. బ్యాకప్ చక్కగా ఉంటే పని జరుగుతుంది.

నేను: జరిగింది, దాదాపు రెండు వారాలకి. అన్నాళ్లూ ఓపీ చీటీలు, రిపోర్టులు చేత్తో రాసుకున్నారు. డేటా ఉండటం ఒకటి, అది మళ్లీ కౌంటర్లోకి రావడానికి పట్టే టైము ఇంకోటి. మన ల్యాబ్‌కి ఎంత పడుతుంది?

మావయ్య: ఒక గంట.

నేను: ఎలా తెలుసు?

మావయ్య మాట్లాడలేదు. నేను ఆర్‌బీఐ సంగతి ఎత్తాను. 2023 నవంబరులో ఇచ్చి, 2024 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి తెచ్చిన ఐటీ ఆదేశాల్లో, బ్యాకప్ తీసిన డేటాను అప్పుడప్పుడూ రీస్టోర్ చేసి పనికొస్తుందో లేదో చూడాలని బ్యాంకులకి స్పష్టంగా రాసింది. ముఖ్యమైన సిస్టమ్స్‌కి కనీసం ఆరు నెలలకోసారి డీఆర్ డ్రిల్, అంటే అసలు సిస్టమ్ పోయిందనుకుని ప్రత్యామ్నాయంతో పని నడిపి చూడటం, చేయాలనీ ఉంది. ఇది తురుపుముక్క అనుకున్నాను. కానీ ఆయన, బ్యాంకు వేరు, ఇరవై మంది పనిచేసే ల్యాబ్ వేరు, వాళ్లకి మనుషులున్నారు, ఇక్కడ నేనొక్కణ్నే అన్నారు. అదీ న్యాయమైన మాటే. అప్పుడు గుర్తొచ్చింది నాకు, చిన్నప్పుడు ఆయన చెప్పిన సంగతి.

నేను: మావయ్యా, స్ట్రాంగ్ రూమ్ డూప్లికేట్ తాళాలు ఎక్కడుండేవి?

మావయ్య: ఇంకో బ్రాంచిలో. సీలు వేసిన ప్యాకెట్లో.

నేను: అక్కడే ఉండిపోయేవా?

మావయ్య: ఉండిపోతే ఎలా? కాలానికోసారి వాటిని తెప్పించి, వాటితో వాడకం మొదలుపెట్టి, అప్పటిదాకా వాడినవి సీలు వేసి అక్కడికి పంపేవాళ్లం. రిజిస్టర్లో సంతకాలు...

మధ్యలోనే ఆగిపోయారు. నా వైపు చూశారు. లేచి వెళ్లి బీరువాలోంచి పెన్‌డ్రైవ్ తెచ్చి నా చేతిలో పెట్టారు. "నీ దగ్గర పాత ల్యాప్‌టాప్ ఉందన్నావుగా. నేను పక్కన కూర్చుంటాను. ఏమీ చెప్పను," అన్నారు. టైము రాసుకున్నాం. పన్నెండూ పది.

పెన్‌డ్రైవ్‌లో ఉన్నది జిప్ ఫైలు. పాస్‌వర్డ్ అడిగింది. ఏమీ చెప్పనన్న మనిషి మొదటి నిమిషంలోనే చెప్పాల్సి వచ్చింది.

నేను: ఇది ఎక్కడ రాసుంది?

మావయ్య: ఎక్కడా రాయకూడదుగా. నా బుర్రలో ఉంది.

నేను: ల్యాబ్‌లో ఇంకెవరికి తెలుసు?

మావయ్య: ఎవరికీ తెలీదు.

వంటింట్లోంచి అత్తయ్య ఇటే చూస్తున్నారు. కిందటేడు మావయ్యకి స్టెంటు వేసిన రోజులు మా ముగ్గురికీ గుర్తొచ్చాయి. పైకి ఎవరం అనలేదు. ఆ వారం రోజుల్లో ల్యాబ్ సర్వరుకి ఏమన్నా అయి ఉంటే, మూడు చోట్ల ఉన్న మూడు కాపీలూ ఎవరూ విప్పలేని మూటలుగా ఉండిపోయేవి.

జిప్ విప్పాక ఫైలుని ఎక్కించబోతే ఎర్రర్. నా ల్యాప్‌టాప్‌లో ఉన్నది ఎస్‌క్యూఎల్ సర్వర్ 2014, ల్యాబ్‌లోది 2019. కొత్త వెర్షన్లో తీసిన బ్యాకప్‌ని పాత వెర్షన్ తీసుకోదు. కొత్తది డౌన్‌లోడ్ చేయాలి. ఇంట్లో ఇంటర్నెట్ లేదు, ఫోన్ హాట్‌స్పాట్ మీద నడిపాం. పండగ పూట సిగ్నలు పోతూ వస్తూ ఉంది. అది దిగి, ఇన్‌స్టాల్ అయ్యేసరికి రెండు దాటింది. రీస్టోర్‌కి మాత్రం రెండు నిమిషాలు కూడా పట్టలేదు. మావయ్య ముఖం వెలిగింది. నాకూ సంతోషమే వేసింది. ఆ తర్వాత ల్యాబ్ సాఫ్ట్‌వేరు వేసి, దాన్ని డేటాబేసుకి కలపడం ఇంకో తతంగం. సాఫ్ట్‌వేరు వాడే లాగిన్ డేటాబేసు బ్యాకప్‌లో రాదు. అది సర్వర్లో విడిగా ఉంటుంది, కొత్తగా పుట్టించుకోవాలి. స్క్రీన్ వచ్చేసరికి నాలుగు కావస్తోంది.

మావయ్య: నా పేరు కొట్టు.

కొట్టాను. వచ్చింది. మూడేళ్ల షుగర్ పరీక్షలు, క్రియాటినిన్, కొలెస్ట్రాల్, తేదీలతో సహా. ఆయన ఒక్కొక్కటీ వేలు పెట్టి చదివారు. తర్వాత ఈసీజీ అని ఉన్నచోట నొక్కమన్నారు. నొక్కాను. ఫైలు దొరకలేదని చిన్న పెట్టె వచ్చింది. ఇంకోటి నొక్కాను. అదే పెట్టె. వేరే పేషెంటు ఎక్స్‌రే. అదే.

డేటాబేసులోకి వెళ్లి చూస్తే స్కాన్‌లు ఉండాల్సిన చోట స్కాన్‌లు లేవు. డి డ్రైవ్‌లో ఫలానా ఫోల్డర్లో ఉన్నాయని చిరునామా మాత్రం ఉంది. నోటుపుస్తకం తీసుకుని, సైజు గడి మీద వేలు పెట్టుకుంటూ వెనక్కి వెళ్లాను. రెండేళ్ల కిందట ఆగస్టులో ఒక రోజు 8.7 జీబీ. మర్నాడు 2.1 జీబీ. రెండింటి పక్కనా టిక్కు.

మావయ్య ఆ రెండు వరసల్నీ చాలాసేపు చూశారు. తర్వాత గుర్తుచేసుకుని చెప్పారు. ల్యాబ్ వాడేది ఎస్‌క్యూఎల్ సర్వర్ ఉచిత ఎడిషన్. అందులో ఒక డేటాబేసు 10 జీబీ దాటకూడదు. హద్దు దగ్గరపడుతోందని సాఫ్ట్‌వేరు కంపెనీ కుర్రాళ్లు వచ్చి, స్కాన్‌లన్నీ బయట ఫోల్డర్లోకి మార్చి వెళ్లారు. సిస్టమ్ చాలా ఫాస్టయిందని ల్యాబ్ డాక్టరుగారు మెచ్చుకున్నారు కూడా. బ్యాకప్ స్క్రిప్టుకి మాత్రం ఆ ఫోల్డరు సంగతి ఎవరూ చెప్పలేదు.

రెండేళ్లుగా తీసిన ప్రతి బ్యాకప్పూ మంచిదే. ప్రతి వెరిఫికేషనూ నిజమే. తీయమన్నది తీసింది, అంతే. ఈసీజీలు, ఎక్స్‌రేలు సర్వరు డిస్కులో ఒకే ఒక్క కాపీగా ఉన్నాయి. లాగ్‌లో ఎంత వెతికినా ఇది కనపడేది కాదు, ఎందుకంటే అందులో తప్పేమీ లేదు. ఒక మనిషి కూర్చుని, తనకి తెలిసిన ఒక పేరు కొట్టి, తనకి తెలిసిన ఒక ఈసీజీ కోసం చూస్తేనే బయటపడింది. నేను ఒక్కదాన్నే చేసి ఉంటే టేబుళ్లలో వరసలు లెక్కపెట్టి, సరిపోయాయని సంతోషంగా మూసేసేదాన్ని. ఈసీజీ నొక్కమన్నది మావయ్య. ఈ ముక్క ఆయనకి చెప్పాను కూడా.

సాయంత్రమే ల్యాబ్‌కి వెళ్లి తాళం తీయించి, ఆ ఫోల్డర్ని ఎక్స్‌టర్నల్ డిస్కులోకి కాపీ పెట్టి వచ్చాం. స్క్రిప్టులో ఒక వరస చేర్చాం. ఇంటికొచ్చాక నేను బ్యాగు సర్దుకుంటూ ల్యాప్‌టాప్ లోపల పెట్టబోతే మావయ్య చేయి అడ్డం పెట్టారు.

మావయ్య: దీన్ని హైదరాబాదు తీసుకెళ్తావా?

నేను: అవును, నాదేగా.

మావయ్య: ల్యాప్‌టాప్ నీది. అందులో ఉన్నది నీది కాదు, నాది కూడా కాదు. ఈ ఊళ్లో సగం మంది రక్తపరీక్షలున్నాయి. ఎవరికి హెచ్ఐవీ పరీక్ష చేశారో, ఏ పెళ్లికాని పిల్లకి ఏ టెస్టు రాశారో అన్నీ ఉన్నాయి. నువ్వు బస్సులో నిద్రపోతావు, ఎవడో బ్యాగు ఎత్తుకుపోతాడు. పరీక్ష పేరుతో నువ్వు నాలుగో కాపీ తయారుచేశావు, దానికి తాళం కూడా లేదు. వ్యక్తిగత డేటాకి 2023లో చట్టం వచ్చింది. చట్టం లేకపోయినా ఇది తప్పే.

నాకు నోట మాట రాలేదు. ఆయన చెప్పినదాంట్లో ఒక్క అక్షరం కొట్టిపారేయడానికి లేదు. పరీక్ష అయ్యాక ఏం చేయాలన్నది నేను అసలు ఆలోచించలేదు. ఆయన ఎదురుగానే డేటాబేసు తీసేసి, విప్పిన ఫైళ్లు తుడిచి, డిస్కు మొత్తం ఫార్మాట్ చేశాను. అయ్యేదాకా ఆయన కుర్చీలోంచి లేవలేదు.

నేను: ఇక నుంచి నెలకోసారి చేద్దాం. ఈసారి మీరు చేయకూడదు, నేనూ చేయకూడదు. కౌంటర్లో అమ్మాయి చేయాలి.

మావయ్య: నెలకోసారా? ఏడాదికోసారి చాలు. పాస్‌వర్డ్ ఆ పిల్ల చేతిలో ఎలా పెడతాను?

నేను: స్ట్రాంగ్ రూమ్ మేనేజరు ఒక్కడే తెరిచేవాడా?

మావయ్య: ఇద్దరు. మేనేజరొకడు, క్యాషియరొకడు. ఎవరి తాళం వాళ్లది.

ఎన్నాళ్లకోసారి అన్నదాని మీద మేం ఇంకా ఒక మాట మీదికి రాలేదు. మూడు నెలలకోసారి అన్నాను, సాఫ్ట్‌వేరు వాళ్లు వచ్చి చేయి పెట్టిన ప్రతిసారీ అని కూడా అన్నాను. రెండోదానికి వెంటనే ఒప్పుకున్నారు. మొదటిదానికి, చూద్దాం అన్నారు. పాస్‌వర్డ్‌ని కాగితం మీద రాసి, కవర్లో పెట్టి, అంటించినచోట అడ్డంగా సంతకం చేశారు. నన్నూ చేయమన్నారు. డాక్టరుగారి లాకర్లో పెడతానన్నారు.

తర్వాత నోటుపుస్తకం తెరిచారు. సైజు గడికీ టిక్కు గడికీ మధ్య స్కేలు పెట్టి కొత్త గీత గీశారు. ఆ రోజు తేదీ వేసి, పన్నెండూ పది నుంచి నాలుగు దాకా, మూడు గంటల యాభై నిమిషాలు అని రాశారు. టిక్కు పెట్టే చోటుకి వచ్చేసరికి ఎర్ర పెన్ను తీసి, కాసేపు పట్టుకుని, టిక్కు పెట్టకుండా, చిన్న అక్షరాలతో 'ఈసీజీలు రాలేదు' అని రాశారు.